అడుగూరికి పడ్డ ఓట్లు

మా మామగారికి మనుషులంటే చిన్నచూపు. ఇది ఆయన చాటున నేను వేస్తున్న నింద కాదు. తమకు బీపీ ఉందని చెప్పుకునేవాళ్ళలా, ఎవరు పరిచయమైనా ఆయనే ముందుగా చెప్పేసేవారు. డాక్టర్లు ప్రశ్నలడుగుతారని, టీచర్లు అడగరని, ఇరుగుపొరుగువాళ్ళు పలకరిస్తారని, బంధువులు పలకరించరని, అందరి మీదా ఆయనకు తలా ఒక కారణం ఉండేది. నాది కళ్ళజోళ్ళ దుకాణం. మొదటిసారి కలిసినప్పుడు నన్ను ఎగాదిగా చూసి, "జనానికి చూపు బాగుచేసి ఏం లాభమయ్యా? వాళ్ళు చూసేది ఎలాగూ చెత్తే" అన్నారు. అల్లుణ్ణయిన ఇన్నేళ్ళలో ఆయన నాకు చేసిన మర్యాదల్లో అదే పెద్దది. ఆ రోజు నుంచి ఆయనకు నేను అద్దాల అల్లుణ్ణి.

ఆయన నీటి సరఫరా ఆఫీసులో నేలకింద గొట్టాల పటాలు గీసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పగలంతా గొట్టాలు గీసేవారు. సెలవుపెట్టిన రోజుల్లోనూ సెలవు దినాల్లోనూ ఆ గొట్టాల్లో మనుషుల్ని పెట్టి సైన్స్ ఫిక్షన్ నవలలు రాసేవారు. గాలీ నీరూ లేని ఒక ఉపగ్రహం అడుగున తవ్విన ఊరు. దాని పేరు అడుగూరు. ఆ ఊళ్ళో ఒక యంత్రం గొంతు వినిపిస్తుంటుంది. జనం దాన్ని పెద్దాయన అంటారు. ఎవరు ఏ పని చెయ్యాలో, ఎవరు ఎవరిని కట్టుకోవాలో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో పెద్దాయనే చెబుతాడు. తిండి బూడిదరంగు జావ. మనిషికొక గది, గదికొక తలుపు, ఆ తలుపుకు లోపలివైపు గడియ ఉండదు. వయసు మీరినవాళ్ళను పెద్దాయన పేరుపెట్టి పిలిచి మెట్లెక్కమంటాడు. ఎక్కినవాళ్ళు తిరిగి రారు. ఇలా అయిదు నవలలు. చివరిదాంట్లో గొట్టాల మేస్త్రీ ఒకడు పై తలుపు బద్దలుకొడతాడు. "గొర్రెల్లారా, మీ బతుకు చివరికి ఇదే" అని మొహాన ఉమ్మినట్టు చెప్పడానికే ఆయన ఆ అయిదూ రాశారు.

నేను మొదటి నవల సగం దాకా చదివాను. జావ దగ్గర ఆగిపోయాను.

ఒక సెలవురోజు నేనూ మా ఆవిడా వాళ్ళింట్లో భోంచేస్తుండగా ఆయన పుస్తకాలు వేసే పబ్లిషర్ ఫోన్ చేశాడు. పాత పబ్లిషర్ పోయాక కొడుకు నడుపుతున్నాడు. తండ్రికి పుస్తకాలు తెలుసు, ఇతనికి జనం తెలుసు. ఫోన్ చెవికి ఆనించుకోవడం మామగారికి అసహ్యం కనుక స్పీకర్లో పెట్టారు. ఆ మాటలన్నీ మేమూ విన్నాం. తను పాఠకులకు ఇంటర్నెట్లో ఒక పోటీ పెట్టానని అతను చెప్పాడు. మన భాషలో వచ్చిన సైన్స్ ఫిక్షన్ లోకాలన్నిటినీ వరసగా పెట్టి, వీటిలో మీరు ఏ లోకానికి వెళ్ళి కాపురం పెడతారు, ఒక్కటే ఎంచుకోండి అని అడిగాడట. ఓట్లు కుప్పలుగా పడ్డాయట.

మామగారు ముందు అడిగింది అందరికంటే చివర ఎవరున్నారని.

చివర ఉన్నది మబ్బూరు. అది రాసినాయన మామగారి ఈడువాడే. మామగారు ఆయన పేరు ఎన్నడూ పలకలేదు, పంచదారాయన అనేవారు. మబ్బూళ్ళో జనం మబ్బుల మీద పడవల్లో తిరుగుతుంటారు. యుద్ధాల్లేవు, యంత్రాల్లేవు. ఒకళ్ళ పడవలోంచి ఒకళ్ళ పడవలోకి ఊరికే వెళుతుంటారు, కూర్చుంటారు, వచ్చేస్తారు. అంతే కథ. దానికి పడ్డవి నాలుగే ఓట్లు.

ఆ మాట వినగానే మామగారు నవ్వారు. ఆయన నవ్వు చూసి చాలా నెలలైంది. "నాలుగా? లోకంలో నలుగురు దద్దమ్మలున్నారన్నమాట" అన్నారు. మా ఆవిడ కంచంలోకి చూసుకుంది. అత్తయ్య లేచి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసులన్నీ నిండుగానే ఉన్నాయి.

అప్పుడు పబ్లిషర్ మొదటి స్థానం అడుగూరిదని చెప్పాడు. మిగతా లోకాలన్నిటికీ కలిపినా అన్ని ఓట్లు పడలేదట. ఫోన్లో అతను ఉబ్బితబ్బిబ్బవుతున్నాడు. మామగారి మొహం మాత్రం నల్లబడింది.

"కాపురానికా?" అని అడిగారు.

"అవును సార్. కాపురానికే."

ఫోన్ పెట్టేశాక ఆయన చాలాసేపు ఏమీ తినలేదు. తరవాత తిట్లు మొదలుపెట్టారు. ఉరితాడు చూపిస్తే నేత బాగుందని మెచ్చుకునే జాతి అన్నారు. తను రాసింది నరకమని తెలియడానికి కూడా వీళ్ళకు పక్కన నోట్సు పెట్టాలా అన్నారు. ఆ తిట్లు కొన్ని వారాలు సాగాయి. అడుగూరికి ఓటేసిన వేలమందిని తిట్టి అలసిపోయినప్పుడు మబ్బూరికి వేసిన నలుగురి దగ్గరికి వచ్చేవారు. అడుగూరు వాళ్ళు గొర్రెలు, వీళ్ళు ఆ గొర్రెలు కూడా వెలివేసిన బాపతు అనేవారు. మేం కలిసి భోంచేసిన ప్రతిసారీ ఆ నలుగురికీ పెట్టాల్సిన వాతలు పెట్టేవారు.

ఆ ఇంటి పద్ధతి కొంచెం చెప్పాలి. ఫలహారం అయినప్పటినుంచి భోజనం దాకా ఆయన రాసుకునే వేళ. ఆ వేళ ఇంట్లో ఎవరూ గొంతెత్తకూడదు. కుక్కర్ విజిల్ వెయ్యకూడదు కనుక అత్తయ్య తెల్లారగానే వంట ముగించేది. ఆయన బల్ల మీద చిన్న ఇత్తడి గంట ఉండేది. ఒకసారి కొడితే కాఫీ. రెండుసార్లు కొడితే రాసిన కాగితాలు తీసుకెళ్ళి తప్పులు దిద్దమని. అయిదు నవలలూ దిద్దింది అత్తయ్యే. ఆ వేళ గుమ్మంలోకి ఎవరొచ్చినా వెనక్కి పంపెయ్యాలి. రాత్రి ఆయన పడుకుంటే ఇల్లంతా దీపాలు ఆరిపోవాలి. పెద్ద రచయిత ఇల్లంటే ఇలాగే ఉంటుందని కొత్తల్లో నేను అనుకున్నాను. పెద్ద రచయితలు నాకు ఇంకెవరూ తెలియరు.

పబ్లిషర్ సన్మానసభ పెడతానన్నాడు. మామగారు వెంటనే ఒప్పుకోవడం చూసి నేను ఆశ్చర్యపోయాను. కారెక్కాక కారణం చెప్పారు. నాలుగు చీవాట్లు పెట్టడానికి వెళుతున్నారట. అత్తయ్య వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది.

సభ ఒక ఫర్నిచర్ షాపు పై అంతస్తులో. అమ్ముడుపోని పరుపులు ప్లాస్టిక్ తొడుగులతోనే గోడల వెంట నిలబెట్టి ఉన్నాయి. హాలు నిండిపోయింది. సగం మంది బూడిదరంగు బట్టలు వేసుకొచ్చారు, అడుగూరి జనంలా. పబ్లిషర్ ఒక్కో లోకానికి ఓటేసినవాళ్ళలోంచి కొందరిని పిలిచి, ఎందుకు ఎంచుకున్నారో చెప్పమన్నాడు. ముందు అంతరిక్ష నౌకలవాళ్ళు వచ్చారు. ఒకాయన తను నౌకకు కెప్టెన్‌గా ఉంటానన్నాడు. రెండో ఆయన ఇంకో నౌకకు కెప్టెన్. మూడో ఆవిడ సేనాధిపతి.

మామగారు నా చెవి దగ్గర వంగి, "నౌకలో కొన్నివేల మంది ఉంటారు. పాచిపట్టిన ట్యాంకులు కడిగేవాడుంటాడు. ఒక్కడైనా వాణ్ణవుతానన్నాడా చూడు" అన్నారు. ఆయన తిట్టిన తిట్లలో నాకు న్యాయంగా తోచినవి కొన్నే. ఇది వాటిలో ఒకటి.

తరవాత అడుగూరివాళ్ళు లేచారు. మొదట కారు డ్రైవింగ్ నేర్పే ఒకాయన. రోజంతా నేర్చుకునేవాళ్ళ పక్కన రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటానని, ఎప్పుడు ఆగాలో ఇంకొకరు చెప్పే చోటు ఉంటే చాలని చెప్పి కూర్చున్నాడు. తరవాత నలభై దాటిన బ్రహ్మచారి. అడుగూళ్ళో పెళ్ళి సంబంధం పెద్దాయనే చూస్తాడని, తనకు తనవాళ్ళు ఇరవై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నారని అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ తరవాత ఒకావిడ లేచింది. రెండు గదుల ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్త, మరిది, భర్త, తను. తనకు అడుగూళ్ళో కావలసింది గది అంది. తన ఒక్కదానికే ఒక గది, దానికొక తలుపు.

మామగారు ఆగలేక కూర్చున్నచోటునుంచే, "లోపల గడియ లేదమ్మా. సరిగ్గా చదివావా?" అన్నారు.

"చదివానండీ" అందావిడ. "గడియ లేకపోయినా పర్లేదు. తలుపుంది కదా."

చివర ఒక పెద్దావిడ వచ్చింది. ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరయిందట. మెట్లెక్కే ఘట్టం తనకు నచ్చిందని చెప్పింది. "పేరుపెట్టి పిలుస్తాడు కదండీ. మా ఆఫీసులో వీడ్కోలు రోజున నా పేరు తప్పు చదివారు" అంది. ఎవరూ నవ్వలేదు. నాకెందుకో ఆవిడ కళ్ళజోడు వంక చూడాలనిపించింది. ఒక కాడ వదులుగా ఉంది, కిందికి జారుతోంది.

మామగారు మైకు అందుకున్నారు. ఒక మనిషి అంతమందిని అంత నిదానంగా అంతసేపు అవమానించడం నేనెప్పుడూ చూడలేదు. మీరు నా పుస్తకాలు చదవలేదు, నాకారు అన్నారు. బోను చూపిస్తే పడకగది అనుకున్నారు అన్నారు. స్వేచ్ఛ అనే మాట మీకు బరువు కనుక దాన్ని మోసే కూలీని వెతుక్కుంటున్నారు అన్నారు. ప్రతి మాటకూ చప్పట్లు. ఆయన గొంతు పెంచితే చప్పట్లు పెరిగాయి, తగ్గిస్తే వాళ్ళూ తగ్గి ముందుకు వంగి విన్నారు. కొందరు కళ్ళు మూసుకున్నారు. వాళ్ళు వింటున్నది ఆయన చెప్పే మాటల్ని కాదని నాకు మెల్లగా అర్థమైంది. వాళ్ళు పెద్దాయన గొంతు వింటున్నారు. ఇన్నేళ్ళూ పుస్తకంలో చదువుకున్నదాన్ని ఇవాళ చెవులారా వినే అదృష్టం పట్టింది.

ఆయనకు కూడా అర్థమైనట్టుంది. కాగితం మడిచేసి, "సిగ్గులేని జనం. పొండి లోపలికి" అన్నారు.

అది నవలల్లో పెద్దాయన రోజూ చివర్న చెప్పే మాట. తరవాత కుర్చీలు చప్పుడు కాకుండా వెనక్కి జరిగాయి. జనమంతా లేచి, ఒకరి వెనక ఒకరు వరసకట్టి, తలలు దించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. మొహాలు మాత్రం పెళ్ళికి వెళుతున్నట్టు వెలిగిపోతున్నాయి. ఇంకా టీలు ఉన్నాయండీ అంటూ పబ్లిషర్ వాళ్ళ వెనక పరుగెత్తాడు. ఎవరూ ఆగలేదు. పరుపుల మధ్య మేం ముగ్గురం మిగిలాం. ముందు వరసలో అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. దగ్గు అనుకున్నాను. కాదు, నవ్వు. భుజాలు ఎగిరిపడేలా నవ్వుతోంది. మామగారు చూశారు.

ఇంటికి వెళ్ళేదాకా ఆయన అన్నది ఒక్కటే మాట: "వీళ్ళకి నరకం చూపిస్తే అద్దెకిస్తారా అని అడుగుతున్నారు."

మర్నాటినుంచి ఆరో నవల మొదలుపెట్టారు. ఈసారి అడుగూరిని ఎవరూ కాపురానికి కోరుకోలేనంత ఘోరంగా చెయ్యాలి. అదే లక్ష్యం. ముందు గదులకు తలుపులు తీసేశారు. పబ్లిషర్ ఆ సంగతి పాఠకులకు చెబితే, తలుపుల్లేకపోతే ఇంకా మంచిదే, తోడుంటుంది అన్నారట. తరవాత మాట్లాడటం నిషేధించారు. తమ అపార్ట్‌మెంట్ మీటింగుల్లో కూడా అలాంటి నియమం ఉంటే బాగుండునని ఎవరో రాశారు. జావను రెండురోజులకొకసారి చేశారు. వంట తప్పిందని ఆడవాళ్ళంతా సంతోషించారు. ఒక్కో పోటు పొడవడం, అది వాళ్ళకు చక్కిలిగింత కావడం. మామగారు ఎండిపోయారు. కళ్ళు లోపలికి పోయాయి. జనం మీద ఏవగింపు ఇదివరకు ఆయనకు ఆకలి పుట్టించేది. ఇప్పుడు తిండి సహించనివ్వడంలేదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మమ్మల్ని భోజనానికి పిలిచారు. భోజనాలయ్యాక బల్ల దగ్గర మమ్మల్ని కూర్చోబెట్టి, మీరు దేన్ని భరించలేరో చెప్పండి అని అడిగారు. మా ఆవిడ ఆలోచించి, ఎవరూ నవ్వని ఇల్లు అంది. అది చప్పగా ఉందని కొట్టిపారేశారు. అందరి కళ్ళజోళ్ళూ లాగేసుకుంటే అని నేను సూచించాను. కాసేపు తల పంకించి, లాభంలేదు, చూడాల్సిన పని తప్పిందని పండగ చేసుకుంటారు అన్నారు. అప్పుడు వంటింటి గుమ్మంవైపు తిరిగి, "నువ్వు చెప్పు. నువ్వు దేన్ని భరించలేవు?" అన్నారు.

అత్తయ్య పొయ్యి తుడుస్తోంది. ఆ ఇంట్లో ఆవిణ్ణి ఆయన అడిగే ప్రశ్నలన్నీ ఏదో ఒక వస్తువు ఎక్కడుందనే. ఇలాంటిది ఎప్పుడూ లేదు. ఆవిడ గుడ్డ పిండి ఆరేసి వచ్చి నిలబడింది.

"అది మీరు రాసేశారుగా" అంది.

"ఏది?"

"పెద్దాయన."

మామగారికి అది సాహిత్యాభిప్రాయంలా వినిపించింది. మెచ్చుకోలుగా తల ఊపి, నీకు భయం వేసింది సరే, ఈ జనానికి వెయ్యడంలేదే, అదే నా సమస్య అని వివరించబోయారు.

"వాళ్ళకెందుకేస్తుందండీ? వాళ్ళు పుస్తకంలోనే విన్నారు" అంది అత్తయ్య. "నేను తప్పులు దిద్దుతుంటే పక్కగదిలోంచి కూడా వినపడేది."

"అంటే?"

"మాటలు ఆపండి. దీపాలు ఆర్పండి. జావ ఆలస్యమైంది, ఇంకోసారి కాకూడదు. ఇవి పుస్తకంలోవనుకుంటున్నారా, మనింట్లోవనుకుంటున్నారా? రెండూనండీ. ముందు ఇంట్లో అన్నారు, తరవాత పుస్తకంలో రాశారు. జావ అని మార్చారంతే. అప్పుడది కాఫీ."

ఆవిడ గొంతు పెంచలేదు. ఆ ఇంట్లో ఎవరికీ గొంతు పెంచే అలవాటు లేదు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మామగారి మొహంలోకి సభలో జనాన్ని తిట్టేటప్పుడు ఉన్న చిరునవ్వే వచ్చింది, పై పెదవి ఒక పక్కకు లాగి నవ్వేది.

"ఇన్నేళ్ళు దిద్ది నీకు అర్థమైంది ఇదా? అక్షరాలు చూశావు గాని..."

"అక్షరాలే చూశాను. కామాలు కూడా చూశాను. మీరు కసిరే ముందు ఎక్కడ ఆగుతారో నాకు తెలుసు."

ఆయన ఇంకా తగ్గలేదు. సరే, మరి నీబోటివాళ్ళకు ఏ లోకం కావాలట అని అడిగారు. పంచదారాయన మబ్బూరా అని తనే ఎగతాళిగా అన్నారు.

"అదే. వేశానుగా" అంది అత్తయ్య.

"ఏం వేశావు?"

"ఓటు."

మామగారు కూతురివైపు తిరిగారు, ఇద్దరూ కలిసి నవ్వుకోవడానికి. మా ఆవిడ నవ్వలేదు. "నేనూ దానికే వేశాను నాన్నా" అంది. ఆయన నావైపు తిరిగారు. నా సంగతి ఏమిటంటే, పోటీ నడుస్తున్నప్పుడు ఒకరోజు దుకాణంలో ఒక పెద్దమనిషికి కళ్ళు పరీక్ష చేస్తుంటే మా ఆవిడ నా ఫోన్ తీసుకుని, మబ్బూరికి నొక్కెయ్యనా అంది. సరే అన్నాను. కానీ ఆ బల్ల దగ్గర అదంతా చెప్పడం బాగుండదనిపించింది. "నాదీ పడిందండీ" అన్నాను.

వారాల తరబడి అదే బల్ల దగ్గర, మా కంచాల మీదుగా ఆయన వాతలు పెట్టింది మాకే. అది ఆయనకు అర్థమవుతుండటం మేం చూశాం. ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచారు.

"నాలుగోవాడు ఆ పంచదారాయనే అయ్యుంటాడు" అని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

ఇక్కడినుంచి ఆయన మారిపోయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారని చెబితే వినడానికి బాగుంటుంది. అలాంటిదేం జరగలేదు. మర్నాడు యథాప్రకారం బల్ల ముందు కూర్చున్నారు. పెద్దాయన చేత ఒక ఆజ్ఞ చెప్పించాలి. రాశారు, కొట్టేశారు. మళ్ళీ రాశారు, కొట్టేశారు. అత్తయ్య చెప్పడం, గంట మీదికి చెయ్యి వెళ్ళిందట, వెనక్కి వచ్చిందట. చివరికి తనే లేచి వంటింట్లోకి వచ్చి, తనిఖీకి వచ్చిన అధికారిలా గోడలు చూస్తూ నిలబడ్డారట. ఏం కావాలో చెప్పలేదు. అత్తయ్యా అడగలేదు. కాసేపటికి వెళ్ళిపోయారు. కాఫీ లేకుండానే.

అత్తయ్య పెద్ద ప్రకటనలేమీ చెయ్యలేదు. ఆ వారం కుక్కర్ పొయ్యి మీద ఎప్పుడు పెట్టాలనిపిస్తే అప్పుడు పెట్టింది. అది ఎన్ని విజిల్స్ వెయ్యాలనుకుంటే అన్నీ వేసింది. పక్కవీధిలో బట్టలు కుట్టే ఒకావిడ ఉంది, ఆవిడ కబుర్లంటే అత్తయ్యకు ప్రాణం. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి పొద్దున్నపూట గుమ్మంలోంచే పంపించేసేది. ఇప్పుడు లోపలికి రమ్మంది. ఇద్దరూ ముందు గదిలో కూర్చుని మాట్లాడుకునేవారు. ఏం మాట్లాడుకునేవారో వాళ్ళకే తెలియాలి. నేను ఒకసారి వెళితే, ఎవరో ఒకావిడ జాకెట్టు కొలతల కోసం ఊపిరి బిగబట్టిందని పడీపడీ నవ్వుతున్నారు. లోపలి గది తలుపు మూసే ఉంది. ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినిపించింది. వాళ్ళు నవ్వు ఆపలేదు.

పబ్లిషర్ ఆరో నవల కోసం వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మామగారు రాయడంలేదని చెప్పారు. అతను కాళ్ళ కింద నేల జారినట్టయిపోయాడు. పాఠకులకు మాటిచ్చేశానని, వాళ్ళు రోజులు లెక్కపెట్టుకుంటున్నారని బతిమాలాడు. పోనీ, అడుగూరి గదుల పటమైనా గీసివ్వమన్నాడు. పాత పుస్తకాలతో పాటు ఇస్తానని, పాఠకులు ఎవరికి కావలసిన గది వాళ్ళు ఎంచుకుంటారని అన్నాడు.

మామగారు అతని వంక చూసిన చూపుకు ఇంకొకరైతే బూడిదయ్యేవారు. "గీస్తాను" అన్నారు. "ఎవడి గొట్టంలోకి వాణ్ణి దూరమను." రెండు పగళ్ళు కూర్చుని నీటి గొట్టాల పటం గీసినంత శ్రద్ధగా గీసిచ్చారు. అది అచ్చయ్యాక మూలగదుల కోసం పాఠకులు వాదులాడుకున్నారని తెలిసింది.

ఆ తరవాత మామగారి దగ్గరినుంచి నాకు కబురు వచ్చింది. మబ్బూరు పుస్తకాలు ఎన్నుంటే అన్నీ తెచ్చిపెట్టమని. నేను వెళితే, నువ్వు ఓటేసిన ఊరు కదా, ఎలా ఉంటుందో చెప్పు అన్నారు. చదవలేదని ఒప్పుకున్నాను. ఆయన నన్ను తిట్టలేదు. అంతకంటే ఘోరంగా, నా భుజం తట్టారు.

"గొర్రెలు కూడా గడ్డి చూసి వెళతాయయ్యా."

పుస్తకాలు తెచ్చిచ్చాను. ఎర్ర పెన్సిల్ చేత్తో పట్టుకుని చదవడం మొదలుపెట్టారు. పేజీల అంచులన్నీ ఎర్రబడ్డాయి. మబ్బు పడవను మొయ్యదు. మోసినా గాలి పడవను తిప్పేస్తుంది. తిప్పకపోయినా అంత ఎత్తున మనిషి ఊపిరాడక చస్తాడు. ఇవన్నీ ఆయన నాకు ఫోన్ చేసి చెప్పేవారు. దుకాణంలో జనం ఉన్నారన్నా వినేవారు కాదు. అయితే ఒక పుస్తకం అయిపోగానే రెండోది తీసేవారు. ఎంతవరకు దిగజారాడో చూడాలట.

ఒకరోజు ఆయనే దుకాణానికి వచ్చారు. మబ్బూరు అక్షరాలు చిన్నవి, కళ్ళు లాగుతున్నాయన్నారు. లోపల చీకటిగదిలో కూర్చోబెట్టి, ట్రయల్ ఫ్రేము పెట్టి, ఒక్కో అద్దం మారుస్తున్నాను. ఇది బాగుందా, ఇది బాగుందా అని అడుగుతుంటే రెండూ బాగాలేవని చెబుతున్నారు. మధ్యలో హఠాత్తుగా, "మూడో పుస్తకంలో ఒక ముసలావిడ ఉంది" అన్నారు.

నేను అద్దం పట్టుకుని ఆగాను.

"పడవ దిగి ఇంకో పడవలోకి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో వాడు రాయలేదు. పనిలేదు, కబురులేదు. కూర్చుంది, వచ్చేసింది. మొత్తం అధ్యాయం అదే." ముక్కు మీద ఫ్రేము సర్దుకుని, "అలా ఎవరైనా వెళతారా?" అని అడిగారు.

వెళతారండీ అన్నాను. ఊరికే వెళతారా అని మళ్ళీ అడిగారు. చాలామంది అలాగే వెళతారని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేరు. గోడ మీది అక్షరాలను, అవి తనకేదో అబద్ధం చెబుతున్నట్టు చూస్తూ కూర్చున్నారు.

ఆ సాయంత్రం అత్తయ్యకు ఈ సంగతి చెప్పాను. మామగారు మబ్బూరు చదువుతున్నారని, ముసలావిడ గురించి అడిగారని చెబితే ఆవిడ మెత్తబడుతుందనుకున్నాను. ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. బట్టలు కుట్టే స్నేహితురాలి దగ్గర కాజాలు కుట్టడం నేర్చుకుంటోంది.

"చదవనీ. తిట్టడానికి ఆయనకి ఏదో ఒకటి ఉండాలిగా" అంది. తరవాత దారం కొరికి, "పుస్తకం గురించి నాతో మాట్లాడాలనుకుంటే మాత్రం పొద్దున్నపూట కుదరదని చెప్పు. ఆవిడ వస్తుంది" అంది.

కొత్త కళ్ళజోడు తయారయ్యాక మామగారు తీసుకోవడానికి వచ్చారు. అత్తయ్య మాట చెప్పాను. ఆయన జోడు పెట్టుకుని, అద్దంలో తనను చూసుకుని, ఆ తరవాత నా దుకాణంలో కూర్చున్న జనాన్ని ఒక్కొక్కరినే చూశారు. ఫ్రేములు తిప్పి చూస్తున్న ఒక జంటను చూసి పెదవి విరిచారు. మనుషుల మీద ఆయన అభిప్రాయం ఏమీ మారలేదు.

"మరి సాయంత్రం ఖాళీగా ఉంటుందేమో కనుక్కో" అన్నారు గొంతు తగ్గించి.

"అది మీరే అడగాలండీ" అన్నాను.

అడిగారట. ఆలోచించి చెబుతానందట అత్తయ్య.